చంద్రుని మునిమనుమలు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డయందుగాని, కృష్ణకు ఉత్తరపు టొడ్డున విస్తరించిన వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలయందుగాని ఒకప్పుడు అధికారము నెఱపిన ఏ కుటుంబముయొక్క వంశచరిత్రమును విప్పి చూచినను, మొదటి పుటలో మనకు ఎదురగువాడు పొలము దున్నిన ముత్తాత కాడు. సూర్యుడో, చంద్రుడో, లేనిచో కావేరికి గట్లు కట్టించిన కరికాల చోళుడో అగును. ఈ మొదటి పుటను గూర్చి నేటి చదువరులలో రెండు వైఖరులు ప్రబలియున్నవి. తమ కులమునకో, తమ యూరికో సంబంధించినదైనచో అక్షరాక్షరమును వేదవాక్యముగ గ్రహించి ఊరేగించుట మొదటిది. తమది కానిచో నవ్వి, కట్టుకథయని అవతల పాఱవేయుట రెండవది. ఈ రెండును వంశావళిని చదువకుండ తప్పించుకొను మార్గములే యని నా యభిప్రాయము. వంశావళి అది చెప్పిన కాలమునకు సాక్షి కాకపోవచ్చును గాని, అది వ్రాయబడిన కాలమునకు మాత్రము తిరుగులేని సాక్షి.

ఇది మన దేశమునకే పరిమితమైన విషయము కాదు. ఐరోపాకు పశ్చిమపు టంచుననున్న ఐర్లండు ద్వీపమున ‘టారా’ యను కొండ కలదు. ఆ ద్వీపమునంతటిని ఏలిన మహారాజులు అచ్చట పట్టాభిషిక్తులగుచుండిరనియు, న్యాయముగ రాజు కాదగినవాడు పాదము మోపినప్పుడు అచ్చటి శిల యెలుగెత్తి ఘోషించుచుండెననియు వారి ప్రాచీన గాథలు వచించుచున్నవి. 11వ శతాబ్దియందు సంకలితమై, ‘ఆక్రమణముల గ్రంథ’మను పేర ప్రసిద్ధమైన పుస్తకము, స్పెయిను దేశమునుండి ఓడలపై వచ్చిన మీల్ అను వీరుని కుమారులు ద్వీపమును ఉత్తర దక్షిణ భాగములుగ పంచుకొని రాజ్యములు స్థాపించిరని చెప్పి, ఆ మీల్ వంశమును బైబిలులోని నోవహు వరకు కొనిపోయి, క్రైస్తవమతము రాకపూర్వమే వందకు పైబడిన మహారాజులను వరుసగ నిలబెట్టినది. నేటి చరిత్రకారులు మాత్రము క్రీ.శ. 9వ శతాబ్దికి పూర్వము ఆ ద్వీపమును ఏకచ్ఛత్రముగ నేలినవాడెవ్వడును లేడనియు, తరువాతి వారి యాకాంక్షయే వెనుకకు నడచి ఆ పట్టికయైనదనియు తేల్చియున్నారు.

ఆ పట్టిక యెందుకు పుట్టినదో గ్రహించుటకు బ్రయన్ బోరు చరిత్రము చాలును. దక్షిణమున ఒక సామాన్య సామంతకుటుంబమున జనించిన ఈతడు, పరాక్రమముచే ప్రాచీన రాజవంశములను అణచి, 1005లో ఆర్మా క్రైస్తవపీఠమును దర్శించినపుడు అచ్చటి పవిత్రగ్రంథమున ఐరిషు జనులకు చక్రవర్తియని లిఖింపబడి, 1014లో క్లాంటార్ఫ్ యుద్ధమున హతుడయ్యెను. ఖడ్గము సంపాదించి పెట్టిన సింహాసనమునకు రక్తము చాలకుండెను. వంశకర్తలు ఆ కొఱతను తీర్చుటకై ఆతని కులమూలపురుషుని దక్షిణదేశపు పాత రాజవంశ మూలపురుషునకు సోదరునిగ చేసిరి. ఇట్లు నిన్నటి సామంతుడు నేటికి దాయాది యయ్యెను.

సరిగ ఈ దినములయందే గోదావరీతీరమున మన లేఖకులును ఇట్టి కార్యమునే నిర్వహించుచుండిరి. వేంగీ చాళుక్యుల పాత తామ్రశాసనములు కుబ్జవిష్ణువర్ధనునితో నారంభమై, ఎవరు ఎన్ని యేండ్లు ఏలిరో లెక్క చెప్పి ముగియుచుండెను. నాలుగు వందల యేండ్లపాటు వారికి అంతకంటె అవసరము కలుగలేదు. కాని 11వ శతాబ్ది తొలిపాదమున విమలాదిత్యుడు వేయించిన రణస్థిపూండి శాసనమున వంశము ఒక్కసారిగ చంద్రునివఱకు ఎగబ్రాకినది. చంద్రుడు, పాండవులు, ఉదయనుడు, పిమ్మట అయోధ్యయందు ఏబదితొమ్మిదిమంది చక్రవర్తులు. వారి వంశజుడైన విజయాదిత్యుడు దక్షిణమునకు వచ్చి త్రిలోచన పల్లవునితో పోరి మడియుట. గర్భవతియైన రాణి ముడివేమను అగ్రహారమున విష్ణుభట్ట సోమయాజి యింట తలదాచుకొని కుమారుని గనుట — ఇవియన్నియు అందు కలవు. పూర్వులకు తెలియని పూర్వికులు మునిమనుమలకు తెలియుట విచిత్రముగ తోచును గాని, సందర్భము తెలిసినవారికి ఇందు విచిత్రమేమియు లేదు.

ఆ సందర్భమేమన, మన నడిగడ్డకు చేరువనే, కర్నూలు సీమయందలి పెదకల్లునకు చెందిన జటాచోడ భీముడు వేంగిని ఆక్రమించి 27 సంవత్సరములు ఏలెను. పరదేశములు తిరిగి చోళ రాజరాజు సైన్యముల యండతో సింహాసనమునకు మరలివచ్చిన చాళుక్యకుమారులు ఆ చోళునకే ఋణపడిరి. విమలాదిత్యుడు ఆతని కుమార్తె కుందవను పరిణయమాడెను. బలమున చోళులకు లోబడినవారు గౌరవమున లోబడకుండుటకు మార్గమేమి? చోళులు సూర్యవంశజులైనచో తాము చంద్రవంశజులగుటయే. విమలాదిత్య కుందవల కుమారుడే రాజరాజనరేంద్రుడు. ఆతడు తన కులమూలపురుషులైన పాండవుల చరితమును వినగోరి నన్నయభట్టును భారతరచనకు పురికొల్పెనని యా గ్రంథావతారికయే చెప్పుచున్నది. అనగా ఒక పల్చని వంశగాథ తెలుగు సాహిత్యమునకు ఆదికావ్యమును ప్రసాదించినది. కట్టుకథయని పాఱవేయువారు ఈ యొక్క సంగతిని తలపోయవలెను.

పాలమూరు సీమకు వత్తము. కందూరును, పానుగల్లును, నేడు నందివడ్డెమానుగ పిలువబడు వర్ధమానపురమును కేంద్రములుగ చేసికొని 11, 12 శతాబ్దులలో ఈ నేలను ఏలినవారు కందూరు చోడులు. వీరి ప్రశస్తులు, త్రిలోచనాది రాజులచేత కావేరికి గట్లు పోయించిన కరికాలునికి తాము వంశజులమని చాటుచున్నవి. కావేరి యెక్కడ, కందూరెక్కడ? కరికాలుని కాలమెక్కడ, వేయి యేండ్లకు పిమ్మట పుట్టిన ఈ సామంతుల కాలమెక్కడ? అయినను ఆ పేరు ఊరక వచ్చినది కాదు. రేనాటినుండి పొత్తపి వఱకు, నెల్లూరినుండి పానుగల్లు వఱకు వ్యాపించిన తెలుగు చోడ శాఖలన్నింటికిని కరికాలుడే ఉమ్మడి యాస్తి. ఆ పేరు చెప్పినవాడు ఎవరికో సామంతుడైనను ఎవరికిని తీసిపోనివాడని యర్థము. ఈ వంశపు భీమ, ఉదయ చోడులను కాకతి రుద్రదేవుడు జయించిన వృత్తాంతము 1163 నాటి హనుమకొండ శాసనమున కలదు. అట్లు జయించిన కాకతీయులు తామేమి చేసిరి? గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారము చెఱువు శాసనమున దుర్జయకులజుడైన వెన్నరాజుతో నారంభించి మానవమాత్రులను మాత్రమే పేర్కొనగా, 1244 నాటి మోటుపల్లి శాసనము మనువు, ఇక్ష్వాకువు, రఘువు, రాముడు మున్నగువారిని ఆ వరుసలో చేర్చినది. చెఱువుకట్టపై నిలిచిన శాసనము ఆ నీటితో సేద్యము చేయు ఊరివారికొఱకు వ్రాయబడినది. సముద్రతీరపు రేవున నిలిచిన శాసనము దేశదేశముల వర్తకులు చూచునది. శ్రోతలు మాఱినపుడు పూర్వికులును మాఱిరి.

ఇందుండి తేలు నియమ మొకటి కలదు. సామాన్యముగ కాలము దూరమగుకొలది జ్ఞాపకము తఱుగవలెను. వంశావళులయందు మాత్రము అది పెరుగుచుండును. కాబట్టి వంశావళిలో అన్నింటికంటె ముఖ్యమైన తావు ఆరంభము కాదు, అంతము కాదు. గాథ చరిత్రతో కలియు నతుకు. గద్వాల చీరయందు నూలు నేతను, పట్టు అంచును వేఱువేఱుగ సాగించి కుప్పడముతో జోడించు నేతగాని పనితనము ఆ కలియికయందే తెలియునట్లు, వంశకర్తయొక్క యవసరమును, ఆతని కాలమును ఆ యతుకునందే తెలియవచ్చును. ఏ తరమువఱకు పేర్లతోపాటు భార్యల పేర్లు, ఊళ్ల పేర్లు, దానముల వివరములు ఉన్నవో అంతవఱకు నూలు, అటుపై పట్టు.

ఈ దృష్టితో మన సంస్థానములను చూడుడు. నిజాము రాజ్యమున ప్రసిద్ధములైన తెలుగు సంస్థానములలో గద్వాల, వనపర్తి, జటప్రోలు నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలోనివే. గద్వాలలో కోట కట్టించి రాజ్యమును స్థిరపఱచినవాడు 17వ శతాబ్ది యుత్తరార్ధమునుండి 18వ శతాబ్ది తొలినాళ్లవఱకు వెలసిన నల సోమనాద్రి, అనగా పెద సోమభూపాలుడు. వనపర్తి వారి మూలపురుషుడు 16వ శతాబ్ది యారంభమున నుండిన వీరకృష్ణారెడ్డి. ఆ వంశమునందే అష్టభాషలను నేర్చి ఆ పేరనే ఖ్యాతిగాంచిన బహిరి గోపాలరావు పుట్టెను. రెడ్డి వంశమునకు రావు బిరుదము, దానిముందు పారసీకపు మాట — ఈ యొక్క పేరునందే దక్కను సుల్తానుల కొలువుతో ఆ యింటివారికి గల సంబంధమంతయు ఇమిడియున్నది. జటప్రోలు సురభివారు రేచర్ల గోత్రపు పద్మనాయకులు; ‘చంద్రికాపరిణయ’ కర్త సురభి మాధవరాయలు వీరిలోనివాడు.

ఈ రేచర్ల గోత్రమునకు గల మూలగాథ, చంద్రసూర్యుల గాథలన్నింటికంటెను నాకు ఎక్కువ విలువైనదిగ తోచుచున్నది. ఆమనగల్లున చెవ్విరెడ్డి యను కర్షకునకు భూమియందు నిధి గోచరించెను. దానిని కాచుచున్న భేతాళుడు నరబలి కోరెను. అప్పుడు మాల కులస్థుడైన రేచడను సేవకుడు తన ప్రాణమును తానే యర్పించుటకు ముందునకు వచ్చి, ఆ వంశమునకు గోత్రముగ తన పేరు నిలుపవలెననియు, వారి యింట పెండ్లి జరుగునపుడు ముందుగ తన వంశపువారి పెండ్లి జరుపవలెననియు వరము కోరెను. వేంకటగిరి, బొబ్బిలి, జటప్రోలు ప్రభువులందఱును ఆ రేచని పేరనే నేటికిని గోత్రము చెప్పుకొనుచున్నారు. గద్వాల కథలయందును ఇట్టివాడొకడు కలడు: శత్రువులకు చిక్కి కర్నూలు కోటయందు కట్టివేయబడిన గుఱ్ఱమును, సోమనాద్రి గుఱ్ఱమునే, తెచ్చుటకై పోయి, గడ్డిక్రింద దాగి, మేకు చేతిలో దిగినను కిక్కురుమనక దానిని సాధించి తెచ్చిన సేవకుని సాహసమును జనులు నేటికిని చెప్పుకొందురు. అయోధ్యయందు ఏబదితొమ్మిదిమంది చక్రవర్తులను లెక్కించిన శాసనకర్తకు ఒక్క సేవకుని పేరైనను స్ఫురింపలేదు. ఊరిలో పుట్టిన గాథ మాత్రము రాజ్యమునకు మూల్యము చెల్లించినవాడు ఎవడో మఱువలేదు. నిధి దొరకినదో లేదో, భేతాళుడు కలడో లేడో మనకు అక్కఱలేదు. ఒకరి కష్టముపైనను ప్రాణముపైనను ఇంకొకరి వైభవము నిలిచినదని వైభవశాలురే తమ గోత్రనామమున ఒప్పుకొనుట సామాన్యమైన విషయము కాదు.

వంశావళి దాచియుంచు సత్యము మఱియొకటి కలదు. అది రక్తధార తెగలేదని చాటుచుండును. అనుభవమున ఆ ధారను నిలిపినది దత్తత. జటప్రోలు సంస్థానమును పాలించిన వేంకటలక్ష్మారావు వేంకటగిరి వెలుగోటివారి యింట పుట్టి దత్తు వచ్చినవాడు. ఆయన సోదరుడు బొబ్బిలికి దత్తుపోయెను. దత్తతకును వారసత్వమునకును నడుమనున్న సంధికాలములలో రాజ్యభారమును మోసినవారు స్త్రీలు. గద్వాలలో రెండవ సీతారామభూపాలుడు 1924లో దివంగతుడు కాగా, సంస్థానములు విలీనమగువఱకు పాలనమును నడపినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. వంశవృక్షపు చిత్రపటములయందు ఇట్టివారు కొమ్మ ప్రక్కన వ్రాసిన చిన్న యక్షరములుగ మిగిలిపోవుచున్నారు. ఇంతకంటె చాల పూర్వము, 1276లో, ఈ సీమయందే బూదపురమున గోన బుద్ధారెడ్డి కుమార్తె కుప్పాంబిక తన భర్తయైన మాల్యాల గుండనాథుని పేర శివుని ప్రతిష్ఠించి శాసనము వేయించినది. తండ్రియెవరో, భర్తయెవరో, తానేమి దానము చేసినదో తెలిసిన స్త్రీ తెలిసినంతవఱకు చెప్పించిన శాసనమది. తొలి తెలుగు కవయిత్రిగ పలువురు పరిగణించు ఆమెకు చంద్రునితో పని కలుగలేదు.

ఈ కథలను కాపాడినవారెవరు? కొలువులయందు భట్టుకవులు; పల్లెలయందు గోత్రములు చెప్పి, తరముల పేర్లు ఏకరువుపెట్టి, కథలు పాడి, మిరాశిగ ధాన్యము పొందిన పిచ్చుకుంట్లవారు. వీరికే ప్రభుత్వము తరువాత ‘వంశరాజ్’ అను పేరును గుర్తించినది. ఊరివారి వంశములన్నింటిని నోటికి నేర్చిన ఈ జనుల వంశములను వ్రాసినవారు ఎవ్వరును లేరు. సంస్థానములు 1949 ప్రాంతమున రద్దయినవి. మిరాశీలు క్రమముగ ఎండిపోయినవి. శ్రీశైలము జలాశయమున జటప్రోలు, సోమశిల మున్నగు చోట్ల పాత తావులు మునుగగా ఆలయములను ఎత్తైన స్థలములకు తరలించి కాపాడుకొంటిమి. రాతిని తరలించితిమి గాని, ఆ రాతిచుట్టును అల్లుకొన్న పలుకును తరలించు ప్రయత్నము అంతటి శ్రద్ధతో జరుగలేదు.

ఇప్పుడీ విషయమును ప్రస్తావించుటకు కారణము కలదు. 2016లో ఈ మూడు సీమలు మూడు జిల్లాలయినవి. క్రొత్త జిల్లాకు క్రొత్త గౌరవము కావలెను. గౌరవమునకు పూర్వికులు కావలెను. ఇదే సమయమున ప్రతి కులమును ఒక్కొక్క రాజును తనవానిగ ప్రకటించుకొని, చేతిలోని ఫోనుద్వారా ఒక్క దినమున లక్షమందికి చాటుచున్నది. ఒక వీరునికి ఇద్దఱు ముగ్గురు హక్కుదారులు వచ్చి వాదులాడుట మనము చూచుచునేయున్నాము. బ్రయన్ బోరు కాలమున ఒక వంశకర్త ఒక కుటుంబము కొఱకు చేసిన పనిని నేడు వేలకొలది వంశకర్తలు చేయుచున్నారు. భేదమేమన, పూర్వపు భట్టుకవికి వ్యాకరణమును, ఛందస్సును, కొంత సిగ్గును ఉండెడివి.

ఇట్లు పరీక్షించుట మన పెద్దలను అవమానించుట కాదా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నను తేలికగ త్రోసిపుచ్చరాదు. పరాజితులకు వంశగాథ కవచముగ నిలిచిన సందర్భములు కలవు. 17వ శతాబ్దియందు ఆంగ్లేయులు ఐర్లండును లోబఱచుకొని, అచ్చటివారిని అనాగరకులని వ్రాయుచుండగా, జెఫ్రీ కీటింగ్ అను మతాచార్యుడు ఆ ప్రాచీన మహారాజుల చరిత్రమునంతటిని తన భాషయందు మరల రచించి బదులిచ్చెను. మనకును అట్టి యవసరము కలిగినది. తెలంగాణమున కవులు లేరన్న నిందకు బదులుగ, నేటి గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించెను. కాని ఆయన బదులిచ్చిన విధము వేఱు. మూలపురుషుని సృష్టింపలేదు; ఉన్న 354 మంది కవులను, వారి పద్యములను ప్రోవుచేసి చూపెను. తరువాత వ్రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల వరుసను ప్రక్కకు జరిపి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి యని విచారించెను. 1952లో వనపర్తి ప్రజలు ఆయననే శాసనసభకు పంపిరి. నిజమైన యాత్మగౌరవము సాక్ష్యమునకు భయపడదని ఈ సీమకు నేర్పినవాడు ఈ సీమవాడే.

కావలసిన కార్యము స్పష్టముగనే యున్నది. నేలటూరి వేంకటరమణయ్యగారు ‘వెలుగోటివారి వంశావళి’ని పరిష్కరింపగా మద్రాసు విశ్వవిద్యాలయము 1939లో ప్రకటించినది; ఏది గాథ, ఏది శాసనములతో సరిపోవునది యను విమర్శతోకూడ వెలువడుటచేతనే అది నేటికిని ఉపయోగపడుచున్నది. అట్టి పరిష్కరణము గద్వాల, వనపర్తి, జటప్రోలు వంశచరిత్రములకు, కైఫీయతులకు, వంశరాజుల నోటి పాఠములకు జరుగవలెను. సురవరము పేర వెలయుచున్న తెలుగు విశ్వవిద్యాలయమునకు, పాలమూరు విశ్వవిద్యాలయమునకు ఇంతకంటె తగిన పని వేఱొకటి కలదా? గద్వాల కోటలోనే ఆదిలక్ష్మీదేవమ్మ పేర కళాశాల నడచుచున్నది. వనపర్తి రాజభవనమున సాంకేతిక విద్యాలయమున్నది. ఆ గోడల నడుమ చదువు పిల్లలకు ఆ గోడలు కట్టినవారి వంశపట్టికను ఇచ్చి, ఏ పేరు ఏ శాసనమున మొదట కనబడుచున్నది, అంతకుముందు ఎందుకు లేదు, దానిని చేర్చుటవలన ఎవరికి లాభించినది, ఎవరి పేరు జాఱిపోయినది యని ప్రశ్నించుట నేర్పినచో, వారు రేపు చేతిలోని ఫోనునందు ప్రత్యక్షమగు క్రొత్త వంశావళికి మోసపోరు.

పాఠము చెప్పగల వృద్ధులు నానాటికి తగ్గుచున్నారు గనుక ఇందు జాగు చేయరాదు. ముందుగ వారి నోట వినుటకు జీతమిచ్చి మనుష్యులను పంపవలెను. చెప్పినవారికిని పూర్వపు మిరాశికి బదులుగ తగిన పారితోషికము ముట్టవలెను. వారి పేర్లు గ్రంథమున ప్రథమపుటయందే అచ్చుపడవలెను. కోటలకు రంగులు వేయుటకు ధనము దొరకుచున్న రోజులలో దీనికి దొరకదనుట నమ్మదగిన మాట కాదు.